మా పెద్ద బండి పరీక్ష తప్పింది

పోయిన ఏడాది మా పెద్దవాడు పదో తరగతి. ఇంట్లో పరీక్షల టెన్షనంతా వాడిదే అనుకుంటూ ఉంటే, వాడికంటే మూడు నెలల ముందే మా పెద్ద బండి పరీక్షకెళ్ళి తప్పి వచ్చింది. అదీ ఒక సబ్జెక్టులో కాదు, ఆరింట్లో!

పెద్ద బండి అంటే మాకున్న పాత డీజిలు బండి. కంపెనీ పేరు రాయను. రాశానంటే మా మరిదికీ, మా తమ్ముడికీ "ఏ కంపెనీ గొప్ప" అనే పాత గొడవ మళ్ళీ మొదలవుతుంది. పైగా తప్పు కంపెనీది కాదు, వయసుది. మా వైపు పల్లెల్లో 2000 దాటాక ఇలాంటి బండ్లకి ఒక వైభోగం నడిచింది లెండి. సుమోలు, క్వాలిస్‌లు, బొలేరోలు, స్కార్పియోలు... వాకిట్లో ఒకటుంటే ఇంటిమీద ఇంకో అంతస్తు వేసినట్టే. సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచి పేలిపోతుండేవి. మా ఊళ్ళో అవే సుమోలు పెళ్ళివారిని పదిహేను మందిని ఎక్కించుకుని దర్జాగా తిరిగేవి. క్వాలిస్ తయారీ 2005లోనే ఆపేశారు. అయినా చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఇప్పటికీ ఒకటో రెండో కనబడుతూనే ఉంటాయి.

మాది 2010 జనవరిలో రిజిస్ట్రేషనైంది. ఏపీ 07, అంటే గుంటూరు నంబరు. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చాక, ఆ పాత నంబరు చూస్తేనే బండి వయసు తెలిసిపోతుంది. మేం 2016లో సెకండ్ హ్యాండులో కొన్నాం. ఆ ఏడు మాకు మిరప కలిసొచ్చింది.

మా ఆయన లెక్కలో అంత నమ్మకమైన బండి లోకంలో లేదు. "ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు" అంటారు. నిజమే. 2019లో ఒక వానాకాలం రాత్రి రెండింటికి మామయ్య గారికి గుండెల్లో నొప్పి వస్తే, ఒక్క సెల్ఫుకే స్టార్టయి గుంటూరు ఆస్పత్రికి చేర్చింది. మామయ్య ఇప్పటికీ పొద్దున్నే గేదెని నిమిరినట్టు దాని బానెట్‌ని ఒకసారి నిమిరి, ఆ తర్వాతే పాలు తియ్యడానికి వెళతారు. అది మిరప టిక్కీలు మోసింది, పత్తి బోరాలు మోసింది, కోటప్పకొండ తిరునాళ్ళకి మా రెండు కుటుంబాలనీ మోసింది. నమ్మకమంటే ఇదే కదా అని మా ఇంట్లో మగవాళ్ళ వాదన.

సొంత బండికి మొదటి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళే. ఆ తర్వాత బండిని తీసుకెళ్ళి చూపించాలి. పాసయితే అయిదేళ్ళు పొడిగిస్తారు. మా ఊళ్ళో చాలామంది పదిహేనేళ్ళు దాటితే బండి తుక్కేనని అనుకుంటారు. అది ఢిల్లీ చుట్టుపక్కల మాట. అక్కడి గాలి బాధకి డీజిలు బండికి పదేళ్ళు, పెట్రోలు బండికి పదిహేనేళ్ళు అని హరిత ట్రిబ్యునల్ గీత గీస్తే, 2018లో సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. మనకి అలాంటి గీత లేదు. 2021లో కేంద్రం ప్రకటించిన తుక్కు విధానంలో కూడా సొంత బండికి వయసు కంటే పరీక్షే ముఖ్యం. ఫీజు మాత్రం గుండె గుభేలుమనేలా పెంచారు. కారుకి 600 ఉన్నది 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఆలస్యమైతే నెలకి 500. ఇరవై ఏళ్ళు దాటితే 10,000 అని 2025 ఆగస్టులో మళ్ళీ మార్చారు. గ్రీన్ ట్యాక్సు వేరే. గడువుకి అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా ఆయన డిసెంబరులో పెట్టారు.

నాకు టౌన్లో పిల్లల బట్టల పని ఉండి ఆరోజు నేనూ వెళ్ళాను. బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనే మాట చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం కదా. ఆ పేరులో బ్రేకు ఎందుకుందో ఆరోజు చూశాను. వచ్చినాయన ఇంజను శబ్దం వినలేదు. మా ఆయన తెల్లారుజామున లేచి షాంపూ వేసి కడిగిన తళతళ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. కాస్త వాలుగా ఉన్నచోట బండిని నిలబెట్టించి, "హ్యాండ్ బ్రేకు వేసి కాలు తీసెయ్యండి" అన్నారు.

మా బండి ఎంతో మర్యాదగా, మెల్లగా, వెనక్కి నడిచింది.

"ఇంటి దగ్గర రాయి పెడతామండీ" అన్నారు మా ఆయన. అబద్ధం కాదు. మా వాకిట్లో దాని చక్రం కింద పెట్టడానికి ప్రత్యేకంగా ఒక రాయుంది. ఒక దసరాకి మా చిన్నది దానికి పసుపు రాసి బొట్టు కూడా పెట్టింది. ఇన్‌స్పెక్టరు గారు నవ్వలేదు. "రాయి బండితో పాటు రాదు కదండీ" అన్నారంతే.

అక్కడ్నుంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ముందు టైర్లు బయటి అంచున బాగానే ఉన్నాయి, లోపలి అంచు మాత్రం తిరుపతి గుండు. టైరు మీద గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. ఆయన చిన్న కొలబద్ద పెట్టి చూస్తే లోపలివైపు అసలు గాడే లేదు. ఎడమ హెడ్‌లైటు రోడ్డుని వదిలేసి చెట్టు మీది గబ్బిలాలని చూస్తోంది. అద్దాలకి నల్ల ఫిల్ము ఉంది. దాన్ని 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది. ముందున్న ఇనప గార్డు కూడా తీసెయ్యాలన్నారు. 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలన్నిటికీ ఆ గార్డుల మీద చర్య తీసుకోమని రాసిందట. అది మన బండికి రక్షణే గానీ, ఎదుటివాడు నడిచి వెళ్ళేవాడయితే వాడి కాళ్ళకి గొడ్డలి లాంటిది. ఇక ఆరోది ఛాసిస్. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీస్తారు. అక్కడ తుప్పు పొరలు పొరలుగా లేచి, అంకెలు సగం కనబడలేదు. ఆయన బండి కిందకి దూరి టార్చి వేసి, వెనకవైపు ఒకచోట వేలితో తడితే పొర ఊడి కింద పడింది.

ఇది కాక అంతకుముందే బయట పొల్యూషన్ వ్యాను దగ్గర ఇంకో అవమానం జరిగింది. పొగ గొట్టంలో గొట్టం పెట్టి యాక్సిలేటరు తొక్కితే మిషను మీద అంకె వస్తుంది. మా కాలం డీజిలు బండికి 65 దాటకూడదు. మాది 78. పదో తరగతిలో అయితే ఎగిరి గంతేసే మార్కు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి మార్టూరు వైపు మబ్బులు చూస్తూ, "నడిచే బండిని ఫెయిల్ చేశాడు" అన్నారు.

"నడవడం గురించి ఆయన అడగలేదండీ. ఆగడం గురించి అడిగారు" అన్నాను. ఆ మాటకి రెండ్రోజులు అలిగారు.

అలక తీరాక బండిని మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. నాకు బాగా నచ్చిన భాగం ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తాను. ఆయన ముందు ఎయిర్ ఫిల్టరు తీసి నా ముందు పెట్టారు. చూస్తే పరుపు కుట్టుకోవచ్చు! పత్తి నూగు, దాని మీద మిరప దుమ్ము, మధ్యలో ఎలుక దాచుకున్న పత్తి గింజలు. "అమ్మా, ముక్కు మూసి పరిగెత్తమంటే మనిషికైనా ఆయాసం రాదా? గాలి చాలక డీజిలు సరిగ్గా కాలట్లేదు. అదే నల్ల పొగ" అన్నారు.

తుప్పు సంగతి అడిగితే మా నేలనే చూపించారు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి పట్టేంత పగుళ్ళిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు కూడా దానితో పాటే లేచి, దిగి, అలల్లాగా అయిపోతుంది. ఆ అలల మీద ఎనిమిదేళ్ళు తిరిగితే బుష్షులు, బాల్ జాయింట్లు అరిగి, చక్రం కొద్దిగా లోపలికి వాలి, టైరు ఒకవైపే కరిగిపోతుంది. కొత్త టైర్లు వేసినా, అది సరిచేయకపోతే మళ్ళీ అంతే. ఇక వానాకాలంలో చేలో తిరిగినప్పుడు ఆ జిగురు మట్టి ఛాసిస్ సందుల్లో పట్టుకుని, పైన ఎండినా లోపల నెలల తరబడి తేమగానే ఉంటుంది. తడిగుడ్డ చుట్టి పెట్టిన కత్తిపీట ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. వెనక బ్రేకు డ్రమ్ముల్లోనూ అదే మట్టి. హ్యాండ్ బ్రేకు పట్టుకోవాల్సింది ఆ వెనక చక్రాల్నే. కేబులు సాగిపోయింది, లైనింగులు అరిగిపోయాయి, మిగిలినదాన్ని మట్టి నున్నగా పాలిష్ చేసింది.

మొత్తం లెక్క వేస్తే 46,000 అయింది. "ఛాసిస్ బాగయ్యేదేనా?" అని మామయ్య గారు అడిగారు, ఆస్పత్రిలో తనగురించి అడిగినంత బెంగగా. మెకానిక్ చాలాచోట్ల సుత్తితో తట్టి చూసి, "చర్మమే పోయింది పెద్దాయనా, ఎముక బాగుంది. ప్లేటు వేసి వెల్డింగ్ చేస్తా. ఎముక పోయుంటే నేనే తుక్కుకి పంపమనేవాణ్ణి" అన్నారు.

అప్పటికి జనవరి వచ్చేసింది. రిజిస్ట్రేషన్ గడువు ముగిసింది, బండి షెడ్డులో. పోయిన ఏడు మిరప ధర ఎలా పడిందో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2023లో క్వింటా 20,000 దాటిన ధర చూసిన కళ్ళు, ఫిబ్రవరిలో కేంద్రం 11,781 చొప్పున ఆదుకుంటామంటే దాన్నే పెద్ద వార్తగా చూశాయి. కల్లంలో కాయ ఉంది, కోల్డ్ స్టోరేజీ అద్దె ఉంది, పురుగుమందు కొట్లో బాకీ ఉంది. ఆ సమయంలో దిగాడు బ్రోకరు.

లక్షా నలభై వేలు ఇస్తానన్నాడు. పరీక్ష తప్పిన కాగితం చూపిస్తే చూడను కూడా చూడలేదు. "ఇది రోడ్డెక్కే బండి కాదమ్మా, చేలకెళ్ళేది. కోతల సీజను, ముఠాలకి బండ్లు దొరకట్లేదు. సీట్లు పీకేసి అటూ ఇటూ చెక్కలేస్తే ఇరవై మంది పడతారు. ఫారం 29, 30 మీద అన్న సంతకాలు పెట్టి ఖాళీగా ఇచ్చేస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం."

మిరపకాయలు ఏరేటప్పుడు రంగు పోయిన తాలు కాయ పక్కకి తీస్తాం కదా. తాలుకీ ధర ఉంటుంది, కొనేవాడు ఉంటాడు. పక్కకి తీసినంత మాత్రాన అది లోకంలోంచి పోదు, ఇంకెవరి కూరలోకో వెళుతుంది. బ్రోకరు మాట్లాడుతుంటే నాకు అదే కళ్ళముందు ఆడింది. వాలు మీద ఆగని బండి. చక్రం కింద పెట్టడానికి మా వాకిట్లో రాయి కూడా అక్కడ ఉండదు. ఇరవై మంది ఆడవాళ్ళు. వాళ్ళెవరో కూడా నాకు తెలుసు. కొందరు కర్నూలు వైపు నుంచి పిల్లల్నేసుకుని వచ్చి మా ఊరి చివర గుడిసెలేసుకునేవాళ్ళు, మిగతావాళ్ళు మా ఊరివాళ్ళే. 2020 మేలో నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కోతలనుంచి ట్రాక్టరు మీద ఇంటికొస్తున్న కూలీలు, ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకుని చనిపోయారు. ఆ వార్త విన్నరోజు మా వీధిలో చాలా ఇళ్ళల్లో పొయ్యి ఆలస్యంగా వెలిగింది.

మా ఆయన చెడ్డమనిషి కాదు. బాకీలున్న మనిషి. "మనం అమ్మకపోతే ఇంకొకడు అమ్ముతాడు" అన్నారు.

అప్పుడు నేను మా చెల్లెలి కూతురికి ఫోన్ చేశాను. తను ఇంగ్లండులో ఉంటుంది, అక్కడ ఒక పాత పెద్ద బండే కొనుక్కుంది. అక్కడ మూడేళ్ళు దాటిన ప్రతి కారుకీ ఏటా పరీక్షేనట. బండిలో కనబడిన లోపాలని 2018 నుంచి ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని విడివిడిగా రాస్తారట. ప్రమాదకరం అని రాస్తే ఇక ఆ బండిని నడపకూడదు. అసలు ముచ్చట ఏమిటంటే, నంబరు కొడితే ఆ బండి ఏ ఏడు ఎందుకు తప్పిందో ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చట. మన పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు గడువులు కనబడతాయి. హ్యాండ్ బ్రేకు పట్టట్లేదన్న మాట కనబడదు. ఆ మాట తెలిసింది బండి అమ్మేవాళ్ళకే. అంటే మాకే.

మా ఆయన మీద పనిచేసింది మాత్రం ఇంగ్లండు కాదు, ఆ ఖాళీ సంతకాల సంగతి. మా మరిది చిలకలూరిపేటలో ఒక లాయరు గారిని అడిగొచ్చాడు. బండి అమ్మేసినా ఆర్‌సీలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు చట్టం దృష్టిలో ఓనరు పాతవాడేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చిందట. పైగా సొంత బండికి చేసిన ఇన్సూరెన్సు, కిరాయికి తోలితే వర్తించదు. అంటే ఆ ఇరవై మందికి ఏదైనా అయితే వాళ్ళ ఇళ్ళకి కంపెనీ నుంచి రూపాయి రాకపోవచ్చు, వాళ్ళు వచ్చి నిలబడేది మా గుమ్మం ముందే. మా ఆయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఇంతవరకూ నేను చెప్పేది ధర్మంగానే ఉంది కదూ. మర్నాడు ముఠా పెద్దమ్మ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మా చేలో కాయ కోస్తోంది, నన్ను కోడలు పిల్లా అనే పిలుస్తుంది. బ్రోకరు సంగతి ఎవరో చెప్పారట.

"మాకు రానీకుండా అడ్డం పడ్డావంట?" అంది.

"బ్రేకులు లేవు పెద్దమ్మా, పరీక్షలో తప్పింది" అన్నాను.

"మేం ఇప్పుడు పోయే ఆటోకి బ్రేకులున్నాయో లేదో ఎవురన్నా చూశారా? పద్నాలుగు మందిమి. ముగ్గురు వెనకమాల కాళ్ళు కిందకేసి కూర్చుంటారు. దీనికి తలుపులన్నా ఉన్నాయి కదమ్మా."

నేను నోరు తెరిచి మళ్ళీ మూశాను. మీరైతే ఏం చెబుతారు? నేను బండి అమ్మనిచ్చినా అమ్మనివ్వకపోయినా, తెల్లారితే ఆమె ఏదో ఒక బండి ఎక్కాలి. కోతకెళితే కూలి, లేకపోతే లేదు. ఆ కాగితంలో తప్పులు రాసినంత సులువుగా, ఆమె అడిగినదానికి జవాబు రాయడానికి గడి లేదు.

ఆ నెల నాకు చీటీ ఎత్తుబడి వచ్చింది. దాంతో వంటింట్లో అలమారాలు చేయించాలని రెండేళ్ళుగా చూస్తున్నాను. డబ్బు తీసుకెళ్ళి మెకానిక్‌కి ఇమ్మన్నాను. చీటీ నాది కాబట్టి షరతులూ నావే. ఒకటి, అన్నీ చేయించాలి, పరీక్షకి కావాల్సినవే కాదు. రెండు, గార్డు తుక్కువాడికే అమ్మాలి, మళ్ళీ అటకెక్కించకూడదు. మూడు, మా చేను కోతలకి వచ్చే ముఠాని మేమే తీసుకెళ్ళాలి, కిరాయి తీసుకోకుండా, ఆర్‌సీలో రాసినన్ని సీట్లకి ఎంతమంది పడితే అంతమందినే. "రెండు ట్రిప్పులు, ఒక్కోరోజు మూడు" అని మా ఆయన లెక్క చెప్పి, డీజిలు ధర గుర్తుచేశారు. పురుగుమందు కొట్టతనితో సగం బాకీ కాయ అమ్మాక అని మామయ్య గారే వెళ్ళి మాట్లాడొచ్చారు.

ఫిబ్రవరి చివర్లో మళ్ళీ పరీక్ష. ఈసారి పొగ 41. హ్యాండ్ బ్రేకు వేసి కాలు తీస్తే బండి కదల్లేదు. మా ఆయన కిటికీలోంచి నావైపు చూసిన చూపు, మా పెళ్ళి చూపుల్లో కూడా చూడలేదు. రెండు నెలల ఆలస్యానికి వెయ్యి రూపాయలు అదనంగా కట్టాం. అయిదేళ్ళకి కాగితం వచ్చింది.

ఆ బండి ఇప్పుడు అంత ఠీవిగా లేదు. ముందు గార్డు పోయి బోసిగా ఉంది, అద్దాలు తెల్లగా ఉండి లోపలున్న మనమంతా ఊరికి కనబడతాం. ఎడమవైపు వెనక అద్దం కిందకి దిగదు. అది పరీక్షలో లేదు, అందుకని మా ఆయన దాని జోలికి పోలేదు.

పెద్దమ్మకి మాత్రం రెండు ట్రిప్పుల సంగతి మింగుడుపడలేదు. "ఇంకో అయిదుగురు వెనకమాల సర్దుకుంటాం గదా, ఎందుకీ దండగ" అని రోజూ ఒకసారి అనేది. మా చేను కోత అయిపోయాక వాళ్ళు పక్క ఊరి చేలకి మళ్ళీ ఆటోలోనే వెళ్ళారు. నేను వీధి అరుగు మీద నిలబడి చూశాను, వెనక ముగ్గురు, కాళ్ళు కిందకి.

ఈ ఏడు కాయ మళ్ళీ ఎర్రబడింది. వచ్చే వారం మా చేలో మొదటి కోత. పొద్దున్నే ఆరింటికి మొదటి ట్రిప్పు వెళుతుంది. రెండో ట్రిప్పు వాళ్ళు మా అరుగు మీద అరగంట కూర్చుంటారు. వాళ్ళకి టీ పెట్టాలి, పంచదార ఎక్కువ వెయ్యమంటారు. పెద్ద గిన్నె అటక మీదుంది, దింపించాలి.